పక్కనుండే మనిషి

క్యాజువాలిటీలో మా చిన్నాన్నను స్ట్రెచర్ మీది నుంచి మంచం మీదికి మారుస్తూ సిస్టర్ అడిగిన మొదటి మాట, "పక్కన ఎవరుంటారు?" అని. నేనుంటానని అన్నాను. బడికి రెండు రోజులు సెలవు పెడితే సరిపోతుందని అప్పటికి నా లెక్క. అక్కడ 17 రోజులు ఉన్నాను. అది ఏ ఆసుపత్రో చెప్పడం వల్ల ప్రయోజనం లేదు. ఉత్తరాంధ్రలోని ఏ పెద్దాసుపత్రి పేరు వేసుకొని చదివినా పెద్దగా తేడా రాదు.

చిన్నాన్నది శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం. జీడిపిక్కలు ఏరే రోజుల్లో, ఎండుటాకుల కింద ఉన్న రక్తపింజరి మీద కాలు వేశాడు. 108 వచ్చేలోపు ఊరివాళ్లు పామును చంపి, పాలిథిన్ సంచిలో వేసి, రోగితోపాటు ఆసుపత్రికి పంపించారు. సంచి విప్పబోయిన మా తమ్ముణ్ణి సిస్టర్ కసురుకున్న తీరు తలచుకుంటే ఇప్పటికీ నవ్వు వస్తుంది. మన దేశంలో వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగింటి విషానికీ ఒకటే కాబట్టి, పామును వెంట తీసుకువెళ్లవలసిన పని లేదు. వైద్యులు చూసేది రక్తాన్ని. పొడిగా ఉన్న గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, తరువాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే విషం పనిచేస్తున్నదని అర్థం. మా చిన్నాన్న రక్తం జారింది. దగ్గరి ఆసుపత్రిలోనే విరుగుడు మొదలుపెట్టి, మరునాటికి మూత్రం బాగా తగ్గిపోవడంతో పెద్దాసుపత్రికి రాశారు. రక్తపింజరి విషం రక్తంతో ఆగకుండా మూత్రపిండాల మీదికి కూడా పోతుందని నాకు అప్పుడే తెలిసింది.

పక్కనుండే మనిషి పని ఏమిటో ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. రక్తం తీసిన గొట్టాలను ల్యాబుకు పట్టుకెళ్లాలి, సాయంత్రానికి రిపోర్టులు తెచ్చి, రోగి వివరాలు రాసే కేషీటుకు గుచ్చాలి, స్కానింగు గది ముందు పేరు పిలిచేదాకా మంచాన్ని కాపలా కాయాలి, సెలైన్ సీసా అడుగంటుతుంటే సిస్టర్‌ను పిలవాలి, ఆరోగ్యశ్రీ కార్డు పట్టుకొని, ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరకు వెళ్లాలి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీని మొదట ప్రయోగంగా మొదలుపెట్టిన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. మహబూబ్‌నగర్, అనంతపురం మిగిలిన రెండు. అందువల్లనే కాబోలు, మా వైపు చదువురాని ముసలమ్మలు కూడా ఆరోగ్యమిత్ర అనే మాటను ఏ తడుముకోలూ లేకుండా పలుకుతారు. అయితే ఆ కార్డు వైద్యానికి డబ్బు ఇస్తుంది గాని, కాగితం పట్టుకొని ఒక గది నుంచి ఇంకొక గదికి తిరిగే కాళ్లను ఇవ్వదు.

అన్నింటికన్నా ముఖ్యమైన పని మూత్రం కొలవడం. రోగి ఎన్ని నీళ్లు తాగాడో, ఎంత మూత్రం పోశాడో గీతల జాడీలో కొలిచి, వేళతో సహా కాగితం మీద రాయాలి. తెల్లవారి రౌండుకు వచ్చే పెద్ద డాక్టరు చిన్నాన్న ముఖం కన్నా ముందు ఆ కాగితాన్ని చూసేవారు. వారి వెనుక నిలబడే హౌస్ సర్జన్లు నేను రాసిన అంకెలను కేషీటులోకి ఎక్కించుకునేవారు. ఇరవై రెండేళ్లుగా పిల్లల లెక్కలు దిద్దుతున్న నాకు, నేను రాసిన అంకె మీద ఒక మనిషికి ఏ మందు ఎంత ఎక్కించాలో ఆధారపడి ఉండడం మొదటిసారి అనుభవంలోకి వచ్చింది. మొదటి రోజు మొత్తం 180 మిల్లీలీటర్లు.

వార్డులో ఎవరి అంకె ఎవరికీ రహస్యం కాదు. భావనపాడు వైపు నుంచి వచ్చిన ఒక మత్స్యకార కుటుంబపు ఆమె, ఉదయం జాడీ కడగడానికి వెళుతూ, "ఏటి బావూ, రేతిరి ఎంతొచ్చింది?" అని నన్ను అడిగేది. ఇంటి దగ్గర ఎంత గింజుకున్నా నోట రాని మాట అక్కడ కుశల ప్రశ్న. సీతంపేట కొండల నుంచి వచ్చిన ఒక సవర ముసలమ్మకు తెలుగు అంతంత మాత్రమే. ఆమె మనవడి కాగితం నేను రాసేవాణ్ణి. నేను ల్యాబుకు వెళ్లినప్పుడు చిన్నాన్న మంచం దగ్గర ఆమె కూర్చునేది. మా ఇద్దరి మధ్య పది మాటలకు మించి నడిచి ఉండవు. నీళ్లు పట్టుకోవడానికి వరసలో పెట్టిన బకెట్లు, వరండాలో చాపలు పరిచే చోట్లు, ఫోన్లకు ఛార్జింగు పెట్టుకునే ఒకే ఒక ప్లగ్గు, వీటన్నింటికీ అక్కడ రాయని కట్టుబాట్లు ఉన్నాయి. పాతవాళ్లు కొత్తవాళ్లకు చెబుతారు. ఏ క్యారేజీలో కూర మిగిలినా పక్క మంచానికి వెళ్లవలసిందే. కాకపోతే మూత్రపిండాల రోగి దగ్గరకు అరటిపండు, కొబ్బరినీళ్లు రానివ్వకూడదన్న సంగతి కూడా ఆ పాతవాళ్లకే ముందు తెలుసు. మా పిన్ని ఎంతో ప్రేమతో కాచి తెచ్చిన చోడి (రాగి) అంబలిని వాకిట్లోనే ఆపి, డాక్టరును అడిగి రమ్మని వెనక్కి పంపింది ఒక పాతావిడే.

మూడో రోజు డాక్టరు డయాలసిస్ చెయ్యాలన్నారు. ఉద్దానం మనిషి దగ్గర ఆ మాట అనడమంటే ఏమిటో ఆ వైపు తెలిసినవాళ్లకే తెలుస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో చక్కెర జబ్బు, బీపీ లేని రైతులకు, కూలీలకు కూడా మూత్రపిండాలు మెల్లమెల్లగా చెడిపోతున్నాయి. దానికి ఒక్క కారణం ఇదీ అని ఈనాటికీ తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో తాగునీరు వస్తున్నది. అవి వచ్చేలోపే మా చిన్నాన్న తన తోటివాళ్లను ఎందరినో సాగనంపాడు. డయాలసిస్ అన్న మాట వినగానే గోడ వైపు తిరిగి పడుకుని, మా తమ్ముడి చేత తోట కాగితాలు తెప్పించమన్నాడు. డాక్టరు ఓపికగానే చెప్పారు. పాము విషం వల్ల వచ్చిన దెబ్బ చాలామందిలో కొద్ది వారాలలో సర్దుకుంటుందని, యంత్రం అంతవరకు ఆసరా మాత్రమేనని అన్నారు. చిన్నాన్న వినలేదు.

విన్నది ఒక కవిటి ఆవిడ మాట. ఆమె భర్త మూడేళ్లుగా వారానికి రెండుసార్లు, సారికి నాలుగు గంటలు ఆ యంత్రం మీద ఉంటున్నాడు. మంచం దగ్గరకు వచ్చి నిలబడి, "మీది పూడిపోయిన కాలవ బావూ, పూడిక తీస్తే పారతాది. మా ఆయనది ఊట ఎండిపోయిన నుయ్యి. రెండూ ఒకటి కాదు," అంది. అంత మాట ఆమె ఏ స్వరంతో అన్నదో రాయడం నాకు చేతకాదు. తన భర్త వినేంత దూరంలోనే ఉన్నాడు. చిన్నాన్న ఇటు తిరిగాడు. మధ్యాహ్నం సంతకం పెట్టాడు.

మా తాతగారి కాలంలో ఇటువంటి జబ్బుకు విశాఖపట్నం కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) తప్ప గతి లేదు. 1923లో మొదలైన ఆ ఆసుపత్రికి "రాసేశారు" అంటే మా ఊళ్లో సగం ఆశ వదులుకున్నట్టే. ఒక మనిషి కోసం ఇంటిల్లిపాదీ కదిలేవారు. 2008లో శ్రీకాకుళంలో రిమ్స్ వైద్య కళాశాల, 2023లో విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాక దూరం తగ్గింది. వైద్య కళాశాల ఉన్న చోట యూనిట్లు, ప్రొఫెసర్లు, అర్ధరాత్రి పిలిచినా కళ్లు నులుముకుంటూ వచ్చే హౌస్ సర్జన్లు ఉంటారు. ఇది చిన్న సంగతి కాదు. కాని కట్టడాల పటాలు గీసేవారు పడకలను లెక్కపెట్టినట్టు పక్కనుండే మనుషులను లెక్కపెట్టరు. 500 పడకలు అంటే కనీసం ఇంకో 500 మంది ఆ ఆవరణలోనే స్నానం చెయ్యాలి, తినాలి, పడుకోవాలి. వాళ్లను సందర్శకులని పిలిచి, వేళ దాటగానే గేటు బయటకు పంపించి, రాత్రి రెండు గంటలకు రక్తం కావాలంటే మళ్లీ వాళ్లనే వెతకడం ఎక్కడి పద్ధతో నాకు అర్థం కాదు. సిస్టర్ల మీద నాకు ఫిర్యాదు లేదు. రాత్రి వేళ ఒక్క సిస్టరు ఎన్ని మంచాలు చూస్తుందో దగ్గరుండి చూశాను. నా బోటివాడు గొట్టం మోయకపోతే ఆ గొట్టం ల్యాబుకు చేరదు. స్ట్రెచర్ తోసినందుకు చెయ్యి చాచిన మనిషి కూడా ఒకడున్నాడు. వాడి సంగతి ఇక్కడ వద్దు.

నాలుగు డయాలసిస్‌ల తరువాత ఒక తెల్లవారుజామున అంకె 900 దాటింది. మత్స్యకారుల ఆమె వార్డు ఆ చివర నుంచే "పారింది బావూ!" అని కేకవేసింది. ఇంకో మూడు రోజులకు రెండున్నర లీటర్లు. జాడీ కడిగి కడిగి నాకు విసుగు పుట్టింది, ఆ విసుగు ఎంత బాగుందో. సవర ముసలమ్మ మనవడు మాకన్నా ముందే ఇంటికి వెళ్లాడు. కవిటి దంపతులు వస్తూ పోతూనే ఉన్నారు.

రెండు నెలలకు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ మామూలు స్థాయికి వచ్చింది. తోటలోకి వెళ్లేటప్పుడు బూట్లు వేసుకోమని డాక్టరు చెబితే చిన్నాన్న కొన్నాడు. అవి అటక మీద ఉన్నాయి. మొన్న సంక్రాంతి వెళ్లాక రాత్రి తొమ్మిది గంటలకు ఫోను చేశాడు. వాళ్ల ఊళ్లో ఒక కుర్రవాడిని పెద్దాసుపత్రిలో చేర్చారట, తల్లిదండ్రులు చెన్నై పనిలో ఉన్నారట, పక్కన తానే ఉంటున్నాడట. తనది మూడో తరగతి చదువు కదా, కాగితం ఎవరు రాస్తారని అడిగాను. "అంకెలు రాయడం వొచ్చులేరా," అన్నాడు, "అదికాదు, రాత్రి టీకి బయటికెల్తే మళ్లీ లోపలికి ఏ గేటు తీస్తారు?"