పదో కొవ్వొత్తి

మొన్న మా అమ్మాయి పుట్టినరోజుకి కేకు మీద పది కొవ్వొత్తులు గుచ్చాను. తన క్లాసు పిల్లలు ఇంకా రాలేదు. తను గబగబా వచ్చి ఒకటి పీకేసి, అంటుకున్న క్రీము నాకి, గౌను జేబులో పెట్టేసుకుంది. "తొమ్మిది చాలమ్మా. ఎవరికీ చెప్పకు" అంది. కొవ్వొత్తి ఉన్నచోట చిన్న కన్నం పడింది. నేనేం మాట్లాడకుండా దాని మీద ఒక చెర్రీ పెట్టేశాను.

తను మూడో తరగతి రెండోసారి చదువుతోంది. మా ఫ్లోరిడాలో మూడో తరగతి చివర రీడింగ్ పరీక్షలో మొదటి లెవెల్ దాటకపోతే అదే క్లాసు మళ్ళీ చదవాలి. 2002లో వచ్చిన చట్టం ఇది. మినహాయింపులూ ఉన్నాయి. ఇంకో పరీక్ష రాయించొచ్చు, ఏడాదంతా చేసిన పనితో పోర్ట్‌ఫోలియో చూపించొచ్చు. పోర్ట్‌ఫోలియోకి ప్రయత్నిద్దామని టీచర్ అడిగింది. నేనే వద్దన్నాను. పునాది గట్టిపడుతుంది, ఒక్క ఏడాదేగా అనుకున్నాను.

పునాది గట్టిపడింది, కాదనను. నిరుడు లైను కింద వేలు పెట్టుకుని కూడబలుక్కునేది, ఇప్పుడు గడగడా చదువుతోంది. ఫ్లోరిడా పిల్లల మీద జరిగిన పరిశోధన కూడా మొదట్లో మార్కులు బాగా పెరుగుతాయనే చెప్పింది. అయితే ఈడువాళ్ళతో పోల్చి చూస్తే ఆ లాభం కొన్నేళ్ళకి కరిగిపోతుందని కూడా చెప్పింది. చికాగోలో ఎనిమిదో తరగతిలో ఆపేసిన పిల్లల్లో బడి మానేసినవాళ్ళు పెరిగారు. అందుకే ఆపాలంటే చిన్న క్లాసులోనే ఆపడం నయమని నిరుడు ఒక స్నేహితురాలికి గట్టిగా చెప్పాను. మొన్న ఇంకొకావిడ అడిగితే, ముందు పోర్ట్‌ఫోలియో సంగతి చూడమన్నాను.

ఏ లెక్కల్లోనూ లేనిది ఒకటుంది. బడి తెరిచిన వారం మా అత్తయ్య వీడియో కాల్‌లో "ఏం క్లాసమ్మా బంగారం?" అని అడిగారు. తను నోరు తెరిచేలోపే నేను "ఫోర్త్ అత్తయ్యా" అనేశాను. ఆ ముందురోజు రాత్రే, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదని దాన్ని ఒళ్ళో కూచోబెట్టుకుని చెప్పాను. అది నావైపు ఒకసారి చూసి, నాయనమ్మకి తన కొత్త బ్యాగు చూపించింది.

వయసు దాచడం ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు.

ఈ ఆదివారం అత్తయ్యకి నిజం చెప్పేయాలని ఉంది. ముందు దాన్ని అడగాలి. వద్దంటే ఏం చేయాలో తోచడం లేదు.