తూనీగ రెక్కల మొదట తుప్పు

నిద్ర పట్టడం లేదు గనుక రాస్తున్నాను. అమ్మ మందులు వేసుకుని పడుకుంది, బాబి పుస్తకాలు మూసి లైటు ఆర్పేశాడు, నేను మాత్రం బెసంట్ నగర్ ఆవిడ సాయంత్రం పంపిన ఫోటోను పెద్దది చేసి చూస్తూనే ఉన్నాను.

జూన్‌లో ఆవిడ నా దగ్గర తీసుకున్న మూడడుగుల స్టీలు తూనీగ బొమ్మ అది. నాలుగు రెక్కల మొదళ్ళలోనూ, అతుకుల పక్కన, టీ మరకల్లాంటి గోధుమరంగు మచ్చలు కనిపిస్తున్నాయి. కింద ఆవిడ ఇలా రాశారు: "స్టీలని చెప్పి ఇనుము అంటగట్టావేమమ్మా? మా పెళ్ళినాటి స్టీలు బిందె ఈనాటికీ మెరుస్తోంది, నీ తూనీగ నాలుగు నెలలకే తుప్పు పట్టింది."

ఆ బిందె మాట గుచ్చుకుంది. నేను వాడేది 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు రేకు, అందులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. పుదుపేట పాత సామాన్ల అంగళ్ళలో వాడేసిన బాల్ బేరింగులు ఎంత చవకగా దొరికినా, వాటి ఉక్కులో క్రోమియం 1.5 శాతమే ఉంటుంది గనుక ఆరుబయట పెట్టే పురుగులకు వాటిని కళ్ళుగా అతకను. పైగా ఆ బిందెను రోజూ తోమి కడుగుతారు, తూనీగనేమో సముద్రానికి ఎదురుగా బాల్కనీ కప్పు కింద తగిలించారు. అక్కడికి ఉప్పుగాలి చేరుతుంది కానీ వానజల్లు చేరదు, వాలిన ఉప్పు కడిగే నీళ్ళు లేక అక్కడే పేరుకుంటుంది, అందులోని క్లోరైడు ఉక్కును కాపాడే క్రోమియం ఆక్సైడు పొరను తినేస్తుంది. వారానికోసారి మంచినీళ్ళ గుడ్డతో తుడవమని ఇచ్చేటప్పుడే రెండుసార్లు చెప్పాను. 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉండే 316 రకమైతే సముద్రపు గాలికి బాగా ఆగుతుందని కూడా చెప్పాను. ధర విన్నాక 304 చాలన్నది ఆవిడే, దాని మీద మళ్ళీ రెండు వేలు తగ్గించుకున్నదీ ఆవిడే. ఇవన్నీ వరుసగా టైపు చేశాను కానీ పంపలేకపోయాను.

ఎందుకంటే, ఉప్పు వల్ల వచ్చిన మరకలైతే రెక్కంతా అక్కడక్కడా చిమ్మినట్టుండాలి. ఇవి అతుకుల వెంబడే, సన్నని గీతలుగా, అన్నీ ఒకే వాలులో ఉన్నాయి. ఇలాంటి గీతలను నేను ఇంతకుముందు ఒకసారి చూశాను.

అంబత్తూరు షెడ్డులో నాకు టిగ్ వెల్డింగు నేర్పిన మేస్త్రీ గారిది నెల్లూరు దగ్గరి పల్లె. షెడ్డు గోడకు రెండు మేకులుండేవి, ఒకదానికి ఇనుప పనుల వైరు బ్రష్షు, రెండోదానికి ఎర్రతాడు కట్టిన స్టెయిన్‌లెస్ బ్రష్షు వేలాడేవి. చేరిన కొత్తలో ఒక హోటలు వాళ్ళ సాంబారు గంగాళానికి అతుకు వేసి, దాని మీది నల్లదనాన్ని చేతికందిన ఇనుప బ్రష్షుతో తోమేశాను. ఆయన చూశారు గానీ కేకలు వేయలేదు. "దీన్ని ఇవాళ పంపొద్దులే అమ్మాయీ" అని గోనెపట్టా తడిపించి గంగాళం మీద కప్పించారు. పొద్దున్నే పట్టా తీసేసరికి, నేను బ్రష్షు ఎటు లాగానో అటే గోధుమరంగు గీతలు తేలి ఉన్నాయి. ఒక గీతను నా చేతే గోటితో గీకించారు, పొడిలా రాలింది. "ఇది గంగాళం తుప్పు కాదు తల్లీ, నీ బ్రష్షు రాల్చిన ఇనుము తుప్పు" అన్నారు. ఆ పూటంతా తొడుగులు వేసుకుని తుప్పును కరిగించే ఆమ్లపు పికిలింగ్ పేస్టు పూయడం, కడగడంతోనే సరిపోయింది. ఆ రోజు కూలి ఆయన తగ్గించలేదు, అందుకు నాకు ఇంకా సిగ్గేసింది.

ఇప్పుడే లేచి లెక్కల పుస్తకం తీశాను. తూనీగ రెక్కలు అతికిన వారంలోనే షెడ్డు యజమాని గేటుకు కూడా మరమ్మతు చేశాం. ఆ మామూలు ఇనుప గేటును ఏ బ్రష్షుతో తోమామో గుర్తులేదు, తోమింది కుర్రాడో నేనో కూడా గుర్తులేదు. నా షెడ్డు గోడకూ రెండు మేకులున్నాయి గానీ, ఎర్రతాడు ఎప్పుడో మసిబారి నల్లబడిపోయింది, దాన్ని మార్చాలనుకుంటూనే రోజులు గడిపేశాను.

అంటగట్టావన్న మాట ఆవిడ అనకుండా ఉండాల్సింది, అది ఇంకా మనసులో కలుక్కుమంటూనే ఉంది. అయినా టైపు చేసిందంతా చెరిపేసి, "ఆదివారం నేనే వచ్చి తూనీగను తీసుకెళ్తానండి, బాగుచేసి తెచ్చిస్తాను, మీరు ఏమీ ఇవ్వనక్కర్లేదు" అని పంపాను.

మధ్యాహ్నం ఒక పాప వాళ్ళ నాన్నతో షెడ్డుకు వచ్చి చీమను కొనుక్కుంది, ఆరు కాళ్ళూ నడిమి భాగం నుంచే మొలిచాయో లేదో లెక్కపెట్టి చూసుకుని మరీ తీసుకుంది. అసలు ఇవాళ ఆ సంగతి రాయాలనుకున్నాను.

శనివారం పంపవలసిన మిడత ప్యాకింగు కోసం ఇంట్లోనే ఉంది. దాన్ని అతికింది గేటు పని తరువాతే, తోమింది తాడు నల్లబడిన ఆ బ్రష్షుతోనే. తువ్వాలు తడిపి దాని వీపు మీద, తొడల కీళ్ళ మీద కప్పి, బాత్రూములో బకెట్ పక్కన పెట్టి వచ్చాను. పొద్దున అమ్మ లేచేలోగా తీసి చూడాలి.