ఒక్క బిల్లు ఆగితే

రీసెర్చ్ ప్రాజెక్టుల అకౌంట్స్ సీట్లో ఉన్నవాళ్లకి మార్చి 31 అంటే యూసీలే, అంటే ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్లు. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాల్లోని జీఎఫ్ఆర్ 12-ఏ ఫారంలో ప్రతి రూపాయికీ లెక్క చూపాలి. పరికరాలకిచ్చిన డబ్బు అనుమతి లేకుండా కెమికల్స్‌కి వాడకూడదు. మిగిలిన సొమ్ము మీద వచ్చిన వడ్డీ కూడా కేంద్రానికి డబ్బు కట్టే పోర్టల్ భారత్‌కోష్‌లో కట్టెయ్యాలి. ఈ కట్టుదిట్టం ఉండాల్సిందేనని నా గట్టి నమ్మకం, అది జనం పన్నుల సొమ్ము.

కానీ ఒక కాగితం ఆగితే ఆ దెబ్బ ఎవరి మీద పడుతుందో చూసినప్పుడు మనసు కలుక్కుమంటుంది. ఈసారి ఒక ల్యాబ్ కొన్న సెంట్రిఫ్యూజ్ అనే పరికరం బిల్లులో జీఎస్టీ నంబరు తప్పు పడింది. సప్లయర్ సరిచేసి పంపేదాకా ఆడిటర్ సంతకం పెట్టలేదు. యూసీ కదల్లేదు, తర్వాతి విడత గ్రాంటు రాలేదు. ఆ ల్యాబ్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) చేస్తున్న అమ్మాయి మా టేబుల్ దగ్గరికొచ్చి, "సార్, ఈ నెలైనా ఫెలోషిప్ పడుతుందా? మెస్ బిల్లు కట్టాలి" అని మెల్లగా అడిగింది. నెలకి 37,000 అని శాంక్షన్ ఆర్డరులో ఉంది, చేతికి మాత్రం రాలేదు.

ప్రొఫెసర్లందరికీ నా మనవి: ఇన్‌వాయిస్, స్టాక్ ఎంట్రీ, ఇన్‌స్టలేషన్ రిపోర్టు వస్తువు దిగిన వారంలోనే పంపించండి. మార్చి దాకా ఆగకండి.