నాలుగు యాంటెన్నాలు పెట్టడం సులువే, పనిచేయించడమే కష్టం

మీది మెటల్ ఫ్రేమ్ ఉన్న ఫోన్ అయితే దాని అంచు చుట్టూ ఒకసారి దగ్గరగా చూడండి. అక్కడక్కడా అడ్డంగా సన్నని ప్లాస్టిక్ గీతలు కనిపిస్తాయి. అందం కోసం గీశారనుకుంటారు చాలామంది, మా ఇంట్లో వాళ్లూ చాలాకాలం అలాగే అనుకున్నారు. ఆ గీతల మధ్య మిగిలిన మెటల్ ముక్కలే యాంటెన్నాలు. కొన్నేళ్లుగా నా పని అంతా వాటితోనే.

మన దేశంలో 5జీ 2022 అక్టోబర్ 1న మొదలైంది. అందులో ఎక్కువగా నడిచే 3.3 గిగాహెర్ట్జ్ పైనున్న బ్యాండ్‌లో ఫోన్‌కి నాలుగు రిసీవ్ యాంటెన్నాలు ఉండాలని మొబైల్ నెట్‌వర్క్‌లకి ప్రమాణాలు రాసే 3జీపీపీ సంస్థ ప్రమాణాల్లోనే ఉంది. వీటికి తోడు పాత 4జీ బ్యాండ్లు, వైఫై, జీపీఎస్, బ్లూటూత్. వీటన్నిటికీ దొరికేది బ్యాటరీ, కెమెరాలు, స్పీకర్ తినగా మిగిలిన అంచులే.

ఇన్ని యాంటెన్నాలు ఎందుకంటే మైమో కోసం: పలు యాంటెన్నాలతో ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే సమయంలో, వేర్వేరు డేటాను పక్కపక్కన పంపడమే మైమో. ఈ ఆలోచనకి 1994లో పేటెంట్ పొందిన ఇద్దరిలో ఒకరు ఆరోగ్యస్వామి పాల్‌రాజ్, మన నేవీలో ఏళ్ల తరబడి పనిచేసి తర్వాత స్టాన్‌ఫర్డ్ వెళ్లిన మనిషి, 2014లో మార్కోనీ ప్రైజ్ అందుకున్నారు. ఆయన పేరు మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఇంకా చాలామందికి తెలియకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

మైమోలో నాకు అన్నిటికంటే నచ్చే సంగతి ఒకటుంది. టవర్ ఎదురుగా కనిపించే ఖాళీ మైదానంలో కంటే, సిగ్నల్ సరిపడా అందుతున్నంతవరకూ, అమీర్‌పేట సందుల్లాంటి చోటే అది బాగా పనిచేస్తుంది. మైదానంలో అన్ని యాంటెన్నాలకీ దాదాపు ఒకే సిగ్నల్ చేరుతుంది, దాన్ని విడదీయడానికి పెద్దగా ఏమీ ఉండదు. సందుల్లో గోడలకీ బోర్డులకీ బస్సులకీ తగిలి తలోదారిలో వస్తుంది కాబట్టి ఒక్కో యాంటెన్నాకి ఒక్కోలా వినిపిస్తుంది. ఆ తేడానే మనకి కావాల్సింది. నాలుగు యాంటెన్నాలు పెట్టి నాలుగూ ఒకేలా వింటే, డబ్బు ఖర్చు తప్ప స్పీడ్ పెద్దగా పెరగదు.

ఇక అసలు తలనొప్పి తక్కువ ఫ్రీక్వెన్సీలతో. 700 మెగాహెర్ట్జ్‌లో తరంగదైర్ఘ్యం దాదాపు 43 సెంటీమీటర్లు, ఫోన్ పొడవేమో సుమారు 16. అంచున ఉన్న చిన్న ముక్క ఒంటరిగా ఏమీ చేయలేదు, లోపలున్న సర్క్యూట్ బోర్డు మొత్తాన్నీ కదిలించి దానితోనే రేడియేట్ చేయిస్తుంది. రెండో యాంటెన్నా పెట్టినా అదీ అదే బోర్డుని వాడుకోవాలి కదా, ఒకే ఒరలో రెండు కత్తులన్నమాట. రెండింటి మధ్య 10 డెసిబెల్స్ ఐసోలేషన్ (ఒకదాని సిగ్నల్ ఇంకోదాంట్లోకి పోకుండా ఉండే ఎడం) ఉందని సంబరపడతాం గానీ, దాని అర్థం ఇచ్చిన పవర్‌లో పదో వంతు పక్క యాంటెన్నాలోకి పోతోందని. మధ్యలో స్లాట్, అంటే సన్నని చీలిక, కొట్టడం, రెండింటినీ కలుపుతూ సన్నని లైన్ వేయడం లాంటి ఉపాయాలున్నాయి, కానీ అవి ఎక్కువగా ఇరుకైన బ్యాండ్‌లోనే పనిచేస్తాయి. వాటికంటే ముందు ఒక యాంటెన్నాని నిలువుగా, ఇంకోదాన్ని అడ్డంగా పనిచేసేలా పెట్టగలమా అని చూడటమే మంచిదని నా అభిప్రాయం.

కొలవడంలోనూ మోసపోతాం. ప్రోటోటైప్‌కి వెంట్రుకలా సన్నని కోయాక్స్ కేబుల్ సోల్డర్ చేసి, యాంటెన్నా పనితీరు కొలిచే నెట్‌వర్క్ ఎనలైజర్‌కి కలుపుతాం. ఒకసారి తెర మీద గ్రాఫ్ ముచ్చటగా వచ్చింది, మాటల్లో ఉండగా నా వేలు కేబుల్‌కి తగిలి గ్రాఫ్ మొత్తం పక్కకి జరిగింది. అంటే మేము కొలుస్తున్నది యాంటెన్నాని మాత్రమే కాదు, కేబుల్ కూడా రేడియేట్ చేస్తోంది. కేబుల్ రేడియేట్ చేయకుండా ఆపే ఫెరైట్ పూసలు తొడిగి మళ్లీ కొలిస్తే ఆ ముచ్చటైన గ్రాఫ్ లేదు, రెండు వారాల పని వెనక్కి.

ఇంకో ప్రాజెక్టులో అయితే టేబుల్ మీద అన్నీ బాగున్నాయి, బయటి సిగ్నళ్లు చొరబడని టెస్ట్ చాంబర్‌లోనూ బాగున్నాయి. టెస్టింగ్‌లో ఉన్న ఒక అబ్బాయి ఫోన్‌ని అడ్డంగా పట్టుకుని గేమ్ మొదలుపెట్టాడు, స్పీడ్ అమాంతం పడిపోయింది. రెండు అరచేతులూ రెండు చివర్లనీ కప్పేశాయి, మా నాలుగు యాంటెన్నాలూ ఆ రెండు చివర్లలోనే ఉన్నాయి! ఒకదాన్ని పొడవు వైపు మధ్యకి తేవాలంటే బ్యాటరీ వాళ్లని 3 మిల్లీమీటర్లు అడగాలి. ఆ 3 మిల్లీమీటర్ల కోసం నాలుగు మీటింగులు పట్టాయి, చివరికి ఇచ్చారు. అది రిసీవ్ మాత్రమే చేసే యాంటెన్నా కాబట్టి సార్ పరిమితి (ఫోన్ పంపే తరంగాల శక్తిని శరీరం ఎంతవరకు పీల్చుకోవచ్చో చెప్పేది), అంటే మన దేశంలో కిలోకి 1.6 వాట్ల లెక్క, మళ్లీ మొదటినుంచి చూసుకోవాల్సిన టెన్షన్ తప్పింది.

ఇప్పుడు 6జీ కోసం 7.125 నుంచి 8.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ని పరిశీలిస్తున్నారు, 2027 ప్రపంచ రేడియో సదస్సు అజెండాలో ఉంది. అక్కడ సగం తరంగదైర్ఘ్యం దాదాపు 2 సెంటీమీటర్లే కాబట్టి ఎక్కువ యాంటెన్నాలు పడతాయి, ఒకదానికొకటి దూరమూ దొరుకుతుంది. కానీ అంత చిన్నదాన్ని ఒక్క వేలు పూర్తిగా కప్పేయగలదు. అందుకే ఈమధ్య నేను ప్రోటోటైప్ చేతికి రాగానే కేబుల్ కూడా పెట్టకుండా, ఇంట్లో వాళ్లకి ఒక్కొక్కరికీ ఇచ్చి వీడియో చూడమంటున్నాను. ఎవరి వేళ్లు ఎక్కడ పడుతున్నాయో అంచు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటున్నాను. మా అమ్మ ఫోన్‌ని కింద నుంచి అరచేతిలో పెట్టుకుంటుంది, మా చెల్లి చిటికెన వేలు కింది అంచుకి ఆనిస్తుంది. ఇద్దరి వేళ్లూ తగలని చోటు ఎడమ వైపు బటన్ల పైన ఒకటి కనిపించింది, రేపు యాంటెన్నాకి నమూనాగా రాగి టేప్ ముక్క ముందు అక్కడే అతికిస్తాను.