చెమట చుక్క తెలిసింది

బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం ఎండ. మెడ మీంచి చెమట చుక్క ఒకటి ఎడమవైపు రవికె లోపలికి జారింది. జారడం నాకు తెలిసింది! ఇంకొంచెం కిందికి, ఆపరేషన్ కుట్టు గీత దాకా వచ్చి, అక్కడ మాయమైంది. చుక్క ఆగలేదు, నా స్పర్శే అక్కడితో ఆగింది.

రొమ్ము తీసేటప్పుడు చర్మానికి వెళ్లే నరాలు తెగుతాయి. పొట్ట దగ్గరి చర్మం, కొవ్వు తెచ్చి కొత్తగా కట్టినా ఆ వైపంతా మొద్దుబారే ఉండేది. "నరం రోజుకి సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుందమ్మా. స్పర్శ అంచుల నుంచి లోపలికి వస్తుంది, మొత్తం రాకపోవచ్చు కూడా" అన్నారు డాక్టరుగారు. ఈమధ్య అక్కడ చీమలు పాకినట్టుంటే భయపడ్డాను. నరం పెరిగేటప్పుడు అలా ఉంటుందట.

వదినకి ఫోన్ చేసి చెప్పాను. "చెమటకి ఇంత సంబరమా" అంటూనే ఏడ్చేసింది.

రాత్రి స్నానమయ్యాక వేలితో తడుముకుంటూ, తెలిసినంత మేరా పెన్నుతో గీత గీసుకున్నాను. పై నెల డాక్టరుగారికి చూపించాలి.

ఈ ఆపరేషన్ అయిన అక్కచెల్లెళ్లకి ఒక్క మాట. స్పర్శ లేనిచోట వేడినీళ్ల బ్యాగుతో కాపడం పెట్టుకోకండి. కాలుతున్నా తెలీదు, బొబ్బ లేచాకే చూసుకుంటాం.