పుడ్డింగ్ తిప్పిన ఆదివారం

నవంబరు చివర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఎదురింటి ఆవిడ తలుపు కొట్టి, "మీ అమ్మాయిని ఒక గంట పంపిస్తారా, మీరు కూడా వస్తే ఇంకా మంచిది, గరిటె తిప్పడానికి చేతులు కావాలి" అంది. ఆవిడది ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్. భర్త ఉద్యోగం కోసం దుబాయ్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. పిల్లలిద్దరూ ఇక్కడే పెరిగి చదువుల కోసం వెనక్కి వెళ్లి అక్కడే స్థిరపడ్డారు. మాది బందరు. నాలుగేళ్లుగా ఎదురెదురు తలుపులు, కానీ వంటింటి దాకా పిలవడం అదే మొదలు.

వాళ్లకి ఆ ఆదివారానికి ఒక పేరుంది, స్టిరప్ సండే. క్రిస్మస్‌కి సిద్ధపడే ఆగమన కాలానికి ముందు వచ్చే చివరి ఆదివారం. 1549 నాటి ఆంగ్లికన్, అంటే ఇంగ్లండ్ చర్చి వారి ప్రార్థన పుస్తకంలో ఆ రోజు చదివే ప్రార్థన "ప్రభువా, నీ విశ్వాసుల చిత్తములను కదిలించుము" అనే అర్థంతో మొదలవుతుంది. ఆ కదిలించడానికీ గిన్నెలో గరిటె తిప్పడానికీ ఇంగ్లిష్‌లో మాట ఒకటే, "స్టిర్ అప్", కాబట్టి, చర్చిలో ఆ ప్రార్థన వినగానే ఇంటికెళ్లి క్రిస్మస్ పుడ్డింగ్ కలపాలని ఆడవాళ్లకు గుర్తొచ్చేదట. అలా ఆ పూట ఇంటింటికీ పండగ పని మొదలయ్యే రోజైంది.

పుడ్డింగ్‌లో పదమూడు రకాలు పడాలి, యేసుకి ఒకటి, పన్నెండుమంది శిష్యులకి పన్నెండు. ఎండుద్రాక్ష, కిస్‌మిస్, రొట్టె పొడి, నల్ల పంచదార, గుడ్లు, పశువు కొవ్వు, నారింజ తొక్క, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ... ఆవిడ ఒక్కొక్కటి పేరు చెబుతూ వేస్తుంటే మా అమ్మాయి వేళ్ల మీద లెక్కపెట్టింది. మసాలాలు దేరా బజారులో కొన్నవి. లవంగాలు వేస్తూ ఆవిడ నా వైపు చూసి, ఇవి మా దేశంలో కాయవు, మీ వైపు నుంచే రావాలి అంది. నిజమే కదా, ఇంగ్లండ్ వాళ్ల అచ్చమైన క్రిస్మస్ వాసన అని మనం అనుకునేదంతా సముద్రం దాటి వెళ్లిన వాసనే.

ఇంట్లో ఉన్నవాళ్లందరూ తలా ఒకసారి తిప్పాలి, అదీ తూర్పు నుంచి పడమరకి. ఎందుకంటే తూర్పు దేశపు జ్ఞానులు నక్షత్రాన్ని చూసి అటు వైపే నడిచారు. నాకు ఒళ్లు జలదరించింది ఇక్కడే. యార్క్‌షైర్‌లో గరిటె అలా తిప్పితే అది ఒక గుర్తు మాత్రమే, యేసు పుట్టిన బేత్లెహేము వాళ్లకి ఏ దిక్కునో ఉంటుంది. కానీ మేం నిలబడ్డ ఆ వంటింటి నుంచి బేత్లెహేము పడమర వైపే! ఆ ఎడారుల మీదుగానే దారి. ఆవిడకి ఆ మాట చెప్తే గరిటె ఆపేసి కిటికీ వైపు చూసింది. ఇరవై ఏళ్లుగా తిప్పుతున్నా ఎప్పుడూ తట్టలేదంది.

కాసేపాగి తన మనసులో ఉన్నది చెప్పింది. "ఇక్కడ ఇన్నిసార్లు క్రిస్మస్ చేశాను, ఒక్కసారి కూడా నిజంగా క్రిస్మస్ వచ్చినట్టు అనిపించలేదు. డిసెంబరులో ఏసీ వేసుకుని, బయట పిల్లలు ఈత కొడుతుంటే, టర్కీ కోడిని ఓవెన్‌లో పెడతాం. ఇరవై ఐదున సెలవు కూడా ఉండదు. మా అమ్మకి ఫోన్ చేసినప్పుడే నాకు పండగ. ఈ ఏడాది అమ్మ లేదు."

ఏం చెప్పాలో తెలియలేదు. మన దగ్గర అయితే పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంటాం. అదే చేశాను.

ఆ రాత్రంతా బైబిల్లోని 137వ కీర్తన నన్ను వదల్లేదు. "అన్యుల దేశములో యెహోవా కీర్తనలు మనమెట్లు పాడుదుము?" బబులోనుకి చెరగా వెళ్లి, అక్కడి నదుల దగ్గర కూర్చుని, సితారాలు నిరవంజి చెట్లకు తగిలించేసి ఏడ్చినవాళ్ల మాట అది. చిన్నప్పుడు సండే స్కూల్లో ఇది కంఠతా చెప్పి బహుమతి తెచ్చుకున్నాను గానీ అర్థమైంది మాత్రం దుబాయ్ వచ్చిన మొదటి డిసెంబరులోనే. బందరులో డిసెంబరు అంటే సెమీ క్రిస్మస్‌లు, రాత్రిళ్లు ఇంటింటికీ తిరిగే క్యారల్స్, వెదురు బద్దలకి రంగు కాగితం అంటించి కట్టే నక్షత్రం, ఇసుక బకెట్‌లో నిలబెట్టిన సరుగుడు కొమ్మ, అమ్మ చేసే కజ్జికాయలు. నాకు మంచు లేదని బెంగ ఉండదు, మంచు చూసిందెప్పుడు? ఆవిడకి మంచు లేదు, నాకు సరుగుడు కొమ్మ లేదు. కొరత ఒకటే.

ఒక సంగతి నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. ఈ ఊళ్లో ఆవిడలాంటి వాళ్లని ఎక్స్‌పాట్ అంటారు, లేబర్ క్యాంపులో ఉండే మన తమ్ముళ్లని లేబర్ అంటారు, మనవాళ్లు మనల్ని వలస వెళ్లినవాళ్లు అంటారు. జీతాల్లో, ఇళ్లల్లో తేడా చాలా ఉంది, లేదనను. కానీ వీసా గడువు అందరికీ ఉంది. వెళ్లిపోవాల్సిన రోజు అందరికీ ఉంది. ఊద్ మేథాలో హోలీ ట్రినిటీ చర్చి ఆవరణలోకి వెళ్తే ఒక గదిలో ఇంగ్లిష్, పక్క గదిలో తెలుగు, అటు మలయాళం, ఇటు ఫిలిప్పీన్స్ వాళ్ల తగలోగ్, గోడల్లోంచి ఒకరి పాట ఒకరికి వినిపిస్తూ ఉంటుంది. 2022లో వారాంతం శని ఆదివారాలకి మారింది గానీ అంతకుముందు మాకు శుక్రవారమే ఆదివారం.

అన్యుల దేశంలో ఎట్లు పాడుదుము అని అడిగితే, అసలు మొదటి క్రిస్మస్ ఎవరి సొంతింట్లో జరిగింది? మరియమ్మది నజరేతు. జనసంఖ్య రాయించుకోవడానికి వేరే ఊరు వెళ్లి, "సత్రములో వారికి స్థలము లేనందున" పశువుల తొట్టిలో బిడ్డని పడుకోబెట్టింది. ఆ తర్వాత హేరోదు రాజుకి భయపడి ఐగుప్తుకి పారిపోయారు. పురిటికి పుట్టింటికి వెళ్లే భాగ్యం కూడా లేదు ఆ తల్లికి, ఇది ఆడవాళ్లకి తెలిసినంతగా మగవాళ్లకి తెలియదనుకుంటాను. యోహాను సువార్త మొదటి అధ్యాయంలో "ఆ వాక్యము శరీరధారియై... మనమధ్య నివసించెను" అని ఉంది కదా, ఆ నివసించెను అన్నచోట గ్రీకులో ఉన్న మాటకి గుడారం వేసుకోవడం అని అర్థం. ఇల్లు కట్టుకున్నాడు అనలేదు. గుడారం. ఎడారిలో ఉండేవాళ్లకి ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

బందరులో నోబుల్ కాలేజీ ముందు నుంచి ఎన్నిసార్లు వెళ్లానో. ఆ రాబర్ట్ నోబుల్ 1841లో ఇంగ్లండ్ నుంచి మిషనరీగా వచ్చాడు, 1865లో బందరులోనే కన్నుమూశాడు. ఆయన కూడా ఆంగ్లికనే, ఆ ప్రార్థన పుస్తకమే ఆయనదీ. మా ఊళ్లో, ఆ ఉప్పుగాలిలో, ఆ ప్రార్థన చదువుకుని ఎవరి కోసం బెంగపడ్డాడో! చిన్నప్పుడు ఆయన నాకు కాలేజీ పేరు మాత్రమే. పరాయి దేశంలో క్రిస్మస్ గడిపిన మనిషి అని ఆలోచించింది ఈ ఏడాదే.

డిసెంబరు 25న నేను సెలవు పెట్టాను. ఉదయం ఆరాధన అయ్యాక బిర్యానీ వండి, బందరు నుంచి వచ్చిన లడ్డూలు తీసుకుని సాయంత్రం ఆవిడ ఇంటికెళ్లాం. అక్కడ అందరూ తలకి కాగితం కిరీటాలు పెట్టుకుని ఉన్నారు, మాకూ పెట్టారు. ఏడయ్యేసరికి ఆవిడ టీవీ పెట్టింది. లండన్‌లో మూడు గంటలంటే ఇక్కడ ఏడు, బ్రిటన్ రాజుగారి క్రిస్మస్ ప్రసంగం. మొదటిసారి 1932లో అయిదో జార్జి రేడియోలో మాట్లాడినప్పుడు, మంచు వల్లో ఎడారి వల్లో సముద్రం వల్లో దూరమైపోయి గాలిలో వచ్చే గొంతు తప్ప ఇంకేదీ చేరలేని స్త్రీ పురుషులకి అని చెప్పాడట. ఎడారి అన్నమాట ఆ రోజే ఉంది అందులో. ఏడింటికే ఆవిడ వాళ్లమ్మకి ఫోన్ చేసేదట, ప్రసంగం మొదలయ్యే ముందు ఒక్క నిమిషం. ఆ నిమిషం గదిలో ఎవరం మాట్లాడలేదు.

తర్వాత పుడ్డింగ్ తెచ్చింది. దాని మీద బ్రాందీ పోసి వెలిగించడం వాళ్ల పద్ధతి, నీలం మంట వస్తుంది. మా ఇంట్లో మందు ముట్టమని తెలిసి, మమ్మల్ని అడక్కుండానే, ఈసారి ఆవిడ పిండిలోనూ పైనా బ్రాందీ మానేసి నారింజ రసం పోసిందట. మంట రాదు కాబట్టి మధ్యలో చిన్న కొవ్వొత్తి గుచ్చి లైట్లు ఆర్పింది. ఇరవై ఏళ్ల అలవాటు మా కోసం మార్చుకుంది, దాని గురించి ఒక్క ముక్క గొప్పగా చెప్పుకోలేదు.

లోపల ఒక వెండి రంగు నాణెం దాస్తారు, ఆరు పెన్నీల పాత బిళ్ల, 1980 నుంచి చెల్లదు. ఎవరి ముక్కలో దొరికితే వాళ్లకి ఏడాదంతా మంచి జరుగుతుందంటారు. మా అమ్మాయి ముక్కలో దొరికింది. అది ఆవిడ వాళ్లమ్మ ఇచ్చిన బిళ్ల, ప్రతి ఏడూ కడిగి దాచి మళ్లీ అదే వాడతారు. ఆ సంగతి తెలిసి మా అమ్మాయి వెంటనే తిరిగిచ్చేయబోయింది. ఆవిడ దాన్ని కుళాయి కింద కడిగి, కొంగు లాంటి ఆ వంటింటి గుడ్డతో తుడిచి, ఒక పాత అగ్గిపెట్టెలో పెట్టి మళ్లీ దాని చేతిలోనే పెట్టింది.

"వచ్చే నవంబరు దాకా నీ దగ్గర ఉంచు. ఆ ఆదివారం తీసుకురా, మళ్లీ కలపాలి."