ఓపెన్ డేటా పరిశోధనకు ఎథిక్స్ కమిటీ అనుమతి: నా అనుభవం

హైదరాబాదులో మనస్తత్వశాస్త్రం బోధిస్తున్న నేను, తెలుగు మాధ్యమంలో చదివి డిగ్రీకి వచ్చిన విద్యార్థుల జ్ఞాపకశక్తిపై తలపెట్టిన అధ్యయనానికి ఎథిక్స్ కమిటీ (మనుషులపై చేసే పరిశోధనలను పరిశీలించి అనుమతించే సంఘం) అనుమతి నిన్ననే చేతికందింది. ప్రతిపాదన రాయడం, శాఖాధిపతి సంతకం, కొద్దిమందితో ముందుగా చేసి చూసే పైలట్ పరీక్ష సాఫీగానే సాగిపోయాయి. ఎంతమందిని పరీక్షిస్తామో, ఏ విశ్లేషణ చేస్తామో డేటా చేతికి రాకముందే రాసి తేదీతో భద్రపరిచే ప్రీరిజిస్ట్రేషన్ కూడా ఇబ్బంది పెట్టలేదు. మా తరగతిలో రంగుల పేర్లతో చేసే స్ట్రూప్ ప్రయోగానికి సైతం విద్యార్థులు ముందుగా ప్రణాళిక నమోదు చేస్తారు. ఆ అలవాటు చేసింది నేనేనని గర్వంగా చెప్పుకుంటాను.

చిక్కంతా డేటాను బహిరంగపరుస్తామన్న ఒక్క వాక్యం దగ్గర వచ్చింది. కార్యాలయం ఇచ్చే సమ్మతి పత్రంలో, కొన్నేళ్ల తరువాత సమాచారమంతా ధ్వంసం చేస్తామని ముందే అచ్చు వేసి ఉంటుంది. దాన్ని మార్చి తీసుకెళ్తే, "ఫార్మాటు మార్చకూడదు మేడం, అందరూ ఇదే ఇస్తున్నారు" అంటూ గుమస్తా ఫైలు తిప్పి పంపాడు. ఇలాంటి అభ్యంతరాన్ని నోటిమాటగా వినవద్దు, కాగితం మీద రాయించుకోండి. నేను రాసివ్వమని పట్టుబట్టాకే ఫైలు సమావేశానికి వెళ్లింది.

అక్కడ నా పీహెచ్‌డీ విద్యార్థిని పక్కనే ఉండగా, "మన పిల్లల వివరాలు నెట్‌లో పెట్టి విదేశీయులకు అప్పజెబుతారా?" అని ఒక సభ్యుడు గద్దించారు. "ఫలితం ముందే రాసేసుకుంటే ఇక పరిశోధన దేనికమ్మా?" అన్నారు ఇంకొకరు. రాసుకునేది ఫలితం కాదు, ప్రణాళిక అని చెప్పబోతే, ముందు దరఖాస్తు నింపడం నేర్చుకోమన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. 2015లో 'సైన్స్' అనే పరిశోధన పత్రికలో ప్రచురితమైన బృహత్ ప్రయత్నంలో 100 మనస్తత్వశాస్త్ర అధ్యయనాలను మళ్లీ చేసి చూస్తే, గణాంకపరంగా నిలిచినవి 36 శాతమే. మూల అధ్యయనాల్లో అయితే 97 శాతం సానుకూల ఫలితాలే చూపాయి. అది తెలిసిన మానసిక శాస్త్రవేత్త ప్రణాళికనూ డేటానూ దాచుకోమంటే ఎలా ఒప్పుకుంటుంది?

పత్రాన్ని నిజంగా చదివి వచ్చింది ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం కమిటీలో ఉండవలసిన, వైద్యరంగానికి చెందని సామాన్య సభ్యురాలు ఒక్కరే. "ఒక పిల్లవాడు తరువాత వద్దనుకుంటే?" అని ఆవిడ అడిగారు. అసలైన ప్రశ్న అదే, ఎందుకంటే ఒకసారి బయటపెట్టిన ఫైలును ఇతరులు దించుకున్నాక వెనక్కి తీసుకోలేము. అందుకే విరమించుకునే గడువును పత్రంలో స్పష్టంగా చేర్చాను. పాల్గొనడానికి ఒక సంతకం, డేటా పంచుకోవడానికి వేరొక సంతకం పెట్టించాను.

పైలట్ ఫైలును తెరిచి చూపించడం కూడా పనికొచ్చింది. పేరు, రోల్ నంబరు తీసేసినా వయసు, మండలం, ఇంటి భాష మూడూ కలిపి చూస్తే, గోండి మాట్లాడే విద్యార్థి ఆ తరగతిలో ఒక్కడే అని ఇట్టే తెలిసిపోతుంది. మండలం గడిని పూర్తిగా తొలగించి, ఇంటి భాషను తెలుగు, ఇతర భాషలు అని రెండుగా కలిపేశాను. గద్దించిన సభ్యుడు ఆ తరువాత మాట్లాడలేదు.

ధ్వంసం చేస్తామన్న వాక్యాన్ని మాత్రం ఎవరూ అలాగే వదిలేయవద్దు. దానిపై సంతకం తీసుకున్నాక, మన వ్యాసం ప్రచురించే పరిశోధన పత్రిక డేటా అడిగినా ఇచ్చే హక్కు మనకు ఉండదు. కొత్త పత్రంతో సోమవారం నుంచి విద్యార్థులను పిలుస్తున్నాము.